అటవీ ధ్రువీకరణ: లక్షణం, లక్ష్యం, సమ్మతి – వివిధ దేశాల స్వీకరణపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అడవికి చేటు కలగకుండా సేకరించిన కలపకు గుర్తింపు ముద్ర ఇచ్చే సుస్థిర అటవీ ధ్రువీకరణ విధానం 1990వ దశకం నుంచి అనేక దేశాలలో వ్యాపించింది. ఏ దేశం ఈ విధానాన్ని ఎందుకు స్వీకరించిందనే ప్రశ్నకు ఎగుమతి విపణి, భూయాజమాన్య స్వరూపం వంటి కారణాలను చూపుతూ గట్టి సిద్ధాంతాలు వచ్చాయి. అయితే 'స్వీకరణ' అనే క్రియకు కర్త ఎవరు, అడవిలో బతికేవారి సమ్మతి ఆ క్రియలో ఎక్కడ ఉంది అనే ప్రశ్నలకు ఈ సిద్ధాంతాల నుంచి పూర్తి సమాధానం దొరకదు. స్వీడన్, ఫిన్లాండ్, ఇండోనేషియా, మలేసియా, గ్వాటెమాల దేశాల అనుభవాలను పరిశీలించి, ధ్రువపత్రం హక్కును సృష్టించదనీ, అప్పటికే ఉన్న హక్కుదారు వెంటే నడుస్తుందనీ నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. ఆ వెలుగులో భారతదేశం 2023లో ప్రకటించిన ధ్రువీకరణ పథకం ఎదుర్కోవలసిన ప్రశ్నలను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అటవీ ధ్రువీకరణ, సుస్థిరత, సమ్మతి, సాముదాయక అటవీ హక్కు, గ్రామసభ, లక్షణం, లక్ష్యం.

1. ఉపోద్ఘాతం:

1992 జూన్‌లో రియో డి జనీరో నగరంలో జరిగిన ధరిత్రీ సదస్సులో వాతావరణ మార్పుపైన, జీవవైవిధ్యంపైన ఒడంబడికలు సంతకాలకు వచ్చాయి. అడవుల విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఉష్ణమండల అడవుల నరికివేతను అంతర్జాతీయ ఒప్పందంతో అదుపు చేయాలని సంపన్న దేశాలు కోరాయి. అడవి తమ సార్వభౌమాధికారానికి లోబడిన వనరని వర్ధమాన దేశాలు వాదించాయి. చివరకు ఎవరినీ చట్టపరంగా బంధించని 'అటవీ సూత్రాలు' మాత్రమే మిగిలాయి.

ప్రభుత్వాల వల్ల కాని పనిని కొనుగోలుదారు చేత చేయించవచ్చుననే ఆలోచన ఈ వైఫల్యంలోంచి బలపడింది. 1993లో టొరంటోలో ఫారెస్ట్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్, సంక్షిప్తంగా ఎఫ్.ఎస్.సి., ఏర్పడింది. దీనికి పోటీగా ఐరోపాలోని చిన్న అటవీ యజమానుల సంఘాల చొరవతో 1999లో పి.ఇ.ఎఫ్.సి. అవతరించింది. నేడు ఎఫ్.ఎస్.సి. ముద్ర కింద సుమారు 16 కోట్ల హెక్టార్లు, పి.ఇ.ఎఫ్.సి. ముద్ర కింద దాదాపు 28 కోట్ల హెక్టార్లు ఉన్నాయి. రెండు ముద్రలూ ఉన్న అడవులు కోట్ల హెక్టార్లలో ఉన్నందున ఈ సంఖ్యలను నేరుగా కూడరాదు. ప్రపంచంలోని మొత్తం అటవీ విస్తీర్ణం 2020 నాటి అంచనా ప్రకారం 406 కోట్ల హెక్టార్లు. ధ్రువీకరణ పొందిన అడవులలో అధికభాగం ఐరోపా, ఉత్తర అమెరికాలలోనే ఉండడం గమనార్హం. ఏ ఉష్ణమండల అడవుల కోసం ఈ ఆలోచన పుట్టిందో అక్కడ దీని వ్యాప్తి చాలా తక్కువ.

ఈ వ్యత్యాసాన్ని అర్థశాస్త్రం, పాలనాశాస్త్రం తమ పద్ధతిలో వివరించాయి. ధ్రువీకరణ ప్రమాణాన్ని ఒక పాఠంగా, అది వాడే పదాలను విమర్శనీయ అంశాలుగా స్వీకరించి చూసినప్పుడు మరికొన్ని విషయాలు తేటపడతాయి.

2. ధ్రువీకరణ ప్రమాణం – ఒక లక్షణ గ్రంథం:

మన సాహిత్యశాస్త్రంలో కావ్యం ఎలా ఉండాలో చెప్పేది లక్షణ గ్రంథం. ఆ లక్షణాలు వర్తించే కావ్యం లక్ష్యం. లక్షణం చెప్పినంతమాత్రాన లక్ష్యం సిద్ధించదు. లక్షణం తన లక్ష్యంలో కొంతభాగాన్ని వదిలేస్తే అవ్యాప్తి, లక్ష్యం కానిదానికి కూడా వర్తిస్తే అతివ్యాప్తి అనే దోషాలు కలుగుతాయని తర్కశాస్త్రం చెబుతుంది. ధ్రువీకరణ ప్రమాణం కూడా ఇటువంటి లక్షణ గ్రంథమే. సుస్థిరంగా నిర్వహించే అడవి ఎలా ఉండాలో సూత్రాలుగా, నిబంధనలుగా, సూచికలుగా అది నిర్వచిస్తుంది.

ఎఫ్.ఎస్.సి. ప్రమాణంలో 10 సూత్రాలున్నాయి. దేశీయ చట్టాల పాటింపు, కార్మికుల హక్కులు, ఆదివాసుల హక్కులు, పర్యావరణ విలువల రక్షణ, నిర్వహణ ప్రణాళిక మొదలైనవి వీటిలో చేరతాయి. సంస్థ సభ్యత్వం పర్యావరణ, సామాజిక, ఆర్థిక విభాగాలుగా విడి ఉంటుంది. మూడింటికీ సమానమైన ఓటు విలువ ఉంది. ప్రతి విభాగంలోనూ సంపన్న దేశాల, వర్ధమాన దేశాల సభ్యుల మధ్య సమతూకం పాటిస్తారు. పి.ఇ.ఎఫ్.సి. నిర్మాణం భిన్నమైనది. అది ఆయా దేశాలు తయారుచేసుకున్న పథకాలను మదింపు చేసి ఆమోదిస్తుంది.

ప్రమాణాన్ని రాసేవారు ఒకరు, అడవిని తనిఖీ చేసేవారు మరొకరు. తనిఖీ చేసే ఆడిటింగ్ సంస్థకు రుసుము చెల్లించేది ధ్రువపత్రం కోరే యజమానే. అడవి నిర్వహణకు ఒక పత్రం, కలప చేతులు మారిన ప్రతి దశనూ నమోదు చేసినందుకు ఇంకొక పత్రం ఇస్తారు. ఈ రెండూ ఉన్నప్పుడే కాగితం మీద, బల్ల మీద ముద్ర పడుతుంది. కొనుగోలుదారు చూసేది ఆ ముద్రను మాత్రమే. దాని వెనుక ఏ దేశపు అడవి ఉంది, అక్కడ ఎవరి మాట చెల్లింది అనే సంగతులు ముద్రలో కనిపించవు.

3. స్వీకరణ సిద్ధాంతం – దాని పరిమితి:

వివిధ దేశాలు ధ్రువీకరణను స్వీకరించిన తీరుపై బెంజమిన్ కాషోర్, గ్రేమ్ ఆల్డ్, డియానా న్యూసమ్ కలిసి 2004లో వెలువరించిన 'గవర్నింగ్ త్రూ మార్కెట్స్' ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికా, బ్రిటన్, జర్మనీ, స్వీడన్‌లను పోల్చి, స్వీకరణ మూడు అంశాలపై ఆధారపడుతుందని ఈ గ్రంథం ప్రతిపాదించింది. ఒకటి, ప్రపంచ విపణిలో ఆ దేశపు కలప పరిశ్రమ స్థానం. రెండు, అటవీరంగ నిర్మాణం, అనగా యాజమాన్యం కొద్దిమంది చేతిలో ఉందా, వేలాది చిన్న యజమానుల మధ్య చీలి ఉందా అన్నది. మూడు, అడవి ఆ సమాజంలో ప్రజాచర్చగా మారిన చరిత్ర. 2006లో వెలువడిన 'కన్‌ఫ్రంటింగ్ సస్టెయినబిలిటీ' అనే సంకలనం ఈ పరిశీలనను వర్ధమాన, పరివర్తన దశలోని 16 దేశాలకు విస్తరించింది. అందులో భారతదేశం లేదు.

ఈ సిద్ధాంతం శక్తిమంతమైనది. విదేశీ కొనుగోలుదారు ఒత్తిడి ఉన్నచోట పెద్ద కంపెనీలు త్వరగా ధ్రువీకరణ వైపు మళ్లడాన్ని, చిన్న యజమానులు ఎదురు తిరగడాన్ని అది చక్కగా వివరిస్తుంది. హక్కుల వివాదాలను కూడా అది విస్మరించలేదు. కానీ దాని ప్రధాన ప్రశ్న 'ఎందుకు స్వీకరించారు?' అన్నది. కాబట్టి హక్కుల వివాదం అక్కడ స్వీకరణ వేగాన్ని మార్చే అనేక కారణాలలో ఒకటిగా వస్తుంది. స్వీకరణ న్యాయబద్ధతను తేల్చే కొలమానంగా రాదు.

వ్యాకరణ దృష్టితో చూస్తే లోపం ఎక్కడుందో స్పష్టమవుతుంది. 'స్వీకరించు' సకర్మక క్రియ. దానికి కర్త తప్పనిసరి. 'స్వీడన్ స్వీకరించింది', 'మలేసియా స్వీకరించింది' అన్నప్పుడు కర్త స్థానంలో దేశం పేరు కూర్చుంటుంది. వాస్తవంలో దరఖాస్తు పెట్టినది కంపెనీ కావచ్చు, ప్రభుత్వ కార్పొరేషన్ కావచ్చు, గ్రామ సంఘం కావచ్చు. వీరిలో ఎవరు కర్త అయితే ముద్ర అర్థం ఏమవుతుంది అన్నది ఈ సిద్ధాంతానికి అందని భాగం. అవ్యాప్తి దోషం అంటే ఇదే.

4. స్వీడన్, ఫిన్లాండ్ – విస్తీర్ణం చెప్పని కథ:

ఎఫ్.ఎస్.సి. ఆమోదించిన తొలి జాతీయ ప్రమాణం స్వీడన్‌ది. అది 1998లో వచ్చింది. బ్రిటన్, జర్మనీ కొనుగోలుదారులకు కలప, కాగితం అమ్మే పెద్ద స్వీడిష్ కంపెనీలు దానికి మద్దతు పలికాయి. అయితే దేశంలోని అడవిలో సుమారు సగం కుటుంబాల యాజమాన్యంలో ఉంది. ఆ కుటుంబ యజమానుల సంఘాలు ప్రమాణ రచన ప్రక్రియ నుంచి తప్పుకొన్నాయి. అందుకు ముఖ్యకారణం సామీ ప్రజల హక్కు.

సామీలు ఉత్తర స్కాండినేవియాకు చెందిన ఆదివాసులు. చలికాలంలో వారి రెయిన్‌డీర్ మందలు అడవిలో నేల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ మేసి బతుకుతాయి. ఆ మేతభూములలో కొన్ని ప్రైవేటు యజమానులవి. తరతరాల ఆచారం వల్ల సంక్రమించిన మేత హక్కును ఎఫ్.ఎస్.సి. ప్రమాణం గుర్తిస్తే తమ భూమిపై శాశ్వతమైన భారం పడుతుందని చిన్న యజమానులు భావించారు. వారి ధోరణికి అనుగుణంగా పి.ఇ.ఎఫ్.సి. స్వీడన్‌లో వేళ్లూనింది. 2011లో నార్డ్‌మాలింగ్ కేసులో స్వీడన్ సుప్రీంకోర్టు ప్రైవేటు భూములపై సామీల ఆచార మేత హక్కును సమర్థించింది. చిన్న యజమానులు ఒప్పుకోవడానికి నిరాకరించిన హక్కు చివరకు న్యాయస్థానంలో నిలబడింది.

ఫిన్లాండ్‌లో వాణిజ్య అడవులలో సుమారు 90 శాతం పి.ఇ.ఎఫ్.సి. కింద ఉన్నాయి. ఈ సంఖ్యను చూస్తే లక్షలాది యజమానులు విడివిడిగా ఆలోచించి ధ్రువీకరణను ఎంచుకున్నారని అనిపిస్తుంది. కానీ అక్కడ అమలైనది ప్రాంతీయ సమూహ ధ్రువీకరణ. ఒక ప్రాంతమంతటికీ ఒకే పత్రం లభిస్తుంది. చిన్న రైతుకు ఖర్చు తగ్గించే మంచి ఏర్పాటు ఇది. అయినా విస్తీర్ణాన్ని సమ్మతికి కొలతగా తీసుకోరాదని ఇది హెచ్చరిస్తుంది. హెక్టార్ల లెక్క పత్రం ఎంత దూరం పాకిందో చెబుతుంది గాని, ఎవరు నిర్ణయించారో చెప్పదు.

5. జావా – ఒక అడవి, రెండు పాఠాలు:

ఎఫ్.ఎస్.సి. పుట్టకముందే, 1989లో, అమెరికాకు చెందిన రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ 'స్మార్ట్‌వుడ్' పేరుతో ధ్రువీకరణ మొదలుపెట్టింది. దాని తొలి ధ్రువపత్రం 1990లో ఇండోనేషియాలోని జావా టేకు అడవులకు దక్కింది. ఆ అడవులను నిర్వహించేది పెరుమ్ పెర్హుతాని అనే ప్రభుత్వ సంస్థ. డచ్ వలసపాలకులు ఏర్పరచిన అటవీ వ్యవస్థకు అది వారసురాలు. క్రమమైన మొక్కల పెంపకం, లెక్క తప్పని కోత, రికార్డులు మొదలైనవన్నీ ఆడిటర్‌కు కావలసిన రీతిలోనే అక్కడ ఉన్నాయి.

1992లో నాన్సీ పెలూసో రచించిన 'రిచ్ ఫారెస్ట్స్, పూర్ పీపుల్' వెలువడింది. జావా అడవులపై నియంత్రణ చరిత్రను వలసకాలం నుంచి పరిశీలించిన గ్రంథమిది. తరాలుగా ఆ అడవిని వాడుకుంటున్న గ్రామస్థుడు చట్టం దృష్టిలో దొంగగా ఎలా మారాడో, కాపలా ఎలా బలప్రయోగంగా పరిణమించిందో ఆ పుస్తకం సవివరంగా చూపింది. ధ్రువపత్రం, ఈ పరిశోధన రెండూ దాదాపు ఒకే కాలానికి చెందినవి. రెండింటి లక్ష్యం కూడా జావా టేకు అడవే. ఒక పాఠం ఆ అడవిలో సుస్థిరతను చదివింది. రెండవ పాఠం అదే అడవిలో శతాబ్దం నాటి వివాదాన్ని చదివింది.

చివరకు 2001లో పెర్హుతాని ధ్రువపత్రాలు నిలిచిపోయాయి. పొరుగు గ్రామాలతో ఘర్షణ, పెరిగిన కలప దొంగతనం, నిర్వహణ లోపాలు అందుకు దారితీశాయి. 1990లో ఆడిటర్ చూసిన అడవి అబద్ధమని దీని అర్థం కాదు. చెట్ల వయస్సు, కోత పరిమాణం లెక్కించే లక్షణానికి గ్రామస్థుడు కనిపించలేదు. కనిపించని ఆ అంశమే పదకొండేళ్ల తర్వాత అడవి స్థితిని నిర్ణయించింది. సామాజిక ప్రశ్న పర్యావరణ ప్రశ్నకు అనుబంధం కాదనీ, దాని పునాదిలోనే ఉందనీ జావా అనుభవం రుజువు చేసింది.

6. మలేసియా – సంప్రదింపు, సమ్మతి:

ధ్రువీకరణ పాఠంలో అత్యంత సున్నితమైన పదం 'సమ్మతి'. ఎఫ్.ఎస్.సి. తొలి ప్రమాణంలోని మూడవ సూత్రం ఆదివాసుల భూములలో అటవీ నిర్వహణకు 'స్వేచ్ఛగా, సమాచారం తెలిసి' ఇచ్చే సమ్మతిని కోరింది. 2012లో ఆమోదం పొందిన ఐదవ రూపంలో 'ముందుగా' అనే భావం చేరింది. చేరినది ఒక్క మాటే అయినా దాని వల్ల కాలక్రమం మారుతుంది. గొడ్డలి పడ్డాక తీసుకునే సంతకం, గొడ్డలి పడకముందు అడిగే ప్రశ్న ఒకటి కావు. పి.ఇ.ఎఫ్.సి. ప్రమాణాలు కూడా 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనను ఆధారంగా పేర్కొంటున్నాయి.

అయితే పాఠంలో ఉన్న మాట క్షేత్రంలో ఏ రూపం తీసుకుంటుందో మలేసియా చూపుతుంది. అక్కడ 1998లో జాతీయ ధ్రువీకరణ మండలి ఏర్పడింది. ప్రమాణ రచనలో పాల్గొన్న ఆదివాసీ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు తమ ఆచార భూమి హక్కులకు తగిన గుర్తింపు లేదంటూ 2001లో ఆ ప్రక్రియ నుంచి వైదొలిగాయి. పథకం మాత్రం ఆగలేదు. 2009లో పి.ఇ.ఎఫ్.సి. ఆమోదం పొందింది. ఆదివాసుల హక్కుల అంశంతో సహా కొన్ని కారణాలను చూపి నెదర్లాండ్స్ ప్రభుత్వ కలప కొనుగోలు మదింపు కమిటీ 2010లో దానిని ప్రమాణాలకు అనుగుణం కాదని తేల్చింది. తర్వాతి సంవత్సరాలలో ఆ దేశం మలేసియా పథకాన్ని అంగీకరించింది.

తెలుగులో 'సంప్రదించడం', 'సమ్మతి పొందడం' వేరువేరు పనులు. సంప్రదించినవాడు ఎదుటివారి మాట విని తన నిర్ణయం తాను తీసుకోవచ్చు. సమ్మతి కోరినవాడు 'వద్దు' అనే జవాబుకు కట్టుబడాలి. సభలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం సంప్రదింపు అవుతుంది. ఆ కుర్చీలోంచి లేచి వెళ్లినవారి గైర్హాజరు నిర్ణయాన్ని ఆపగలిగినప్పుడే అది సమ్మతి అవుతుంది. మలేసియాలో వారు లేచి వెళ్లినా నిర్ణయం ముందుకు సాగింది.

7. గ్వాటెమాల – హక్కు ముందు, పత్రం తర్వాత:

ఈ చర్చకు మరొక పార్శ్వం గ్వాటెమాలలోని పెతేన్ ప్రాంతం. అక్కడ 1990లో మాయా జీవావరణ రిజర్వును ప్రకటించారు. అంతర్యుద్ధానంతర ఒప్పందాల వాతావరణంలో 1990వ దశకం మధ్యకాలం నుంచి రిజర్వులోని కొంతభాగాన్ని గ్రామ సంఘాలకు 25 ఏళ్ల వినియోగ హక్కుతో అప్పగించారు. ఒక షరతు విధించారు. హక్కు పొందిన మూడేళ్లలోగా ఎఫ్.ఎస్.సి. ధ్రువీకరణ సాధించాలి. స్వచ్ఛందంగా పుట్టిన ధ్రువీకరణ ఇక్కడ ప్రభుత్వ షరతుగా మారింది.

కార్మెలీతా, వాహక్తూన్ వంటి గ్రామాలు మహాగని కలపను పరిమితంగా కోస్తూ, చాటే అనే అలంకరణ ఆకులను, చికిల్ జిగురును సేకరిస్తూ అడవిని కాపాడుకుంటున్నాయి. చురుకుగా పనిచేస్తున్న గ్రామ కన్సెషన్లలో అటవీ నష్టం అత్యల్పంగా ఉందనీ, పక్కనున్న కొన్ని జాతీయ ఉద్యానాలలో పశుపోషణ కోసం అడవి విస్తారంగా నశించిందనీ పరిశీలనలు తేల్చాయి. 2019 నుంచి గడువు ముగుస్తున్న కన్సెషన్లను పొడిగించడం మొదలైంది.

ఈ విజయాన్ని ధ్రువపత్రానికే ఆపాదించడం పొరపాటు. పత్రం ఉన్నా పశుపోషణ ఒత్తిడికి, అంతర్గత కలహాలకు తలొగ్గి కొన్ని గ్రామ కన్సెషన్లు రద్దయ్యాయి. తొలి సంవత్సరాలలో ధ్రువీకరణ ఖర్చును విదేశీ సహాయ సంస్థలు భరించాయి. ముద్ర వల్ల కలపకు దక్కిన అదనపు ధర స్వల్పమే. అక్కడ అడవిని నిలిపినది ప్రధానంగా దీర్ఘకాలిక హక్కు, ఆ హక్కును వినియోగించుకునే గ్రామ సంస్థ. బయటివారికి లెక్క చూపడానికి, ప్రభుత్వంతో గడువు పొడిగింపు కోరే సమయంలో తమ సమర్థతను నిరూపించుకోవడానికి పత్రం ఆ గ్రామాలకు ఉపకరించింది. పెతేన్‌లో 'స్వీకరించు' అనే క్రియకు కర్త గ్రామమే. జావాలో గ్రామం కర్త కాదు, కర్మ. రెండుచోట్లా ఉన్న ముద్రల మధ్య అసలు భేదం ఇదే.

8. అడవి, తోట – అతివ్యాప్తి దోషం:

లక్షణ గ్రంథంలో మొదట పరీక్షించవలసిన పదం 'అడవి'. అర హెక్టారుకు మించిన విస్తీర్ణం, 5 మీటర్లకు మించి పెరిగే చెట్లు, 10 శాతానికి మించిన కొమ్మల కప్పు ఉన్న భూమిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అడవిగా గణిస్తుంది. కలప కోసం నాటిన ఏకజాతి చెట్లు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. ఎఫ్.ఎస్.సి. 1996లో నాటిన చెట్ల కోసం ప్రత్యేకంగా పదవ సూత్రాన్ని చేర్చి వాటికి ధ్రువీకరణ మార్గం తెరిచింది. 1994 నవంబరు తర్వాత సహజారణ్యాన్ని నరికి నాటిన భూములకు పత్రం ఇవ్వరాదని గీత గీసింది. 2022లో బాలిలో జరిగిన సర్వసభ్య సమావేశం తర్వాత ఆ గీత 2020 డిసెంబరు 31కి జరిగింది. మధ్యకాలంలో జరిగిన నష్టాన్ని పూడ్చాలనే షరతు పెట్టారు.

ఈ వర్గీకరణపై బ్రెజిల్‌లో తీవ్రమైన చర్చ సాగింది. అక్కడి ఎస్పిరితో శాంతో రాష్ట్రంలో నీలగిరి చెట్లు నాటిన భూమిని తమదిగా కోరిన తుపినికిమ్, గ్వారనీ ఆదివాసులకు దీర్ఘ పోరాటం తర్వాత 2007లో సుమారు 11 వేల హెక్టార్లపై ప్రభుత్వ గుర్తింపు లభించింది. నాటిన చెట్లను అడవి అని పిలవరాదనే వాదం లాటిన్ అమెరికా ఉద్యమాలలో బలంగా వినిపించింది.

తెలుగు భాషలో ఈ వివాదానికి తావులేదు. ఖమ్మం జిల్లాలో రైతు వేసినది జామాయిల్ తోట. కోస్తాలో పెరిగేది సరుగుడు తోట. మామిడి ఉన్నది తోపు. తనంత తాను మొలిచి, పలురకాల జీవులతో నిండినది అడవి. నాటినవాడు ఉంటే తోట, లేకుంటే అడవి అనే తెలివిడి వాడుకలోనే ఉంది. జామాయిల్ తోటకు 'ధ్రువీకరణ పొందిన అడవి' అనే పేరు అనువాదంలోనే పొసగదు. తోటలకు ధ్రువీకరణ అక్కరలేదని దీని భావం కాదు. రసాయనాల వాడకం, కూలీల భద్రత, నీటి వినియోగం పరిశీలించవలసినవే. కాని తోటకు వేసిన ముద్ర అడవి దక్కిందనే అర్థాన్ని కొనుగోలుదారుకు ఇస్తే అది అతివ్యాప్తి.

9. భారతదేశం – దరఖాస్తుదారు ఎవరు?

భారతదేశంలో అటవీ సుస్థిరత కొలమానాల ప్రయత్నం కొత్తది కాదు. భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ చొరవతో 1990వ దశకం చివర 'భోపాల్–ఇండియా ప్రక్రియ' ద్వారా కొలమానాలు, సూచికలు రూపొందాయి. 2015లో ఏర్పడిన ఎన్.సి.సి.ఎఫ్. తయారుచేసిన పథకానికి 2019లో పి.ఇ.ఎఫ్.సి. ఆమోదం లభించింది. ఎఫ్.ఎస్.సి. ధ్రువపత్రాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. 2023 డిసెంబరులో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ స్వచ్ఛంద ప్రాతిపదికన భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రకటించింది. అడవి నిర్వహణ, అడవుల వెలుపలి చెట్లు, కలప చేతులు మారే దశలు దీని పరిధిలోకి వస్తాయి.

తెలుగు ప్రాంతాలలో ధ్రువీకరణ అనుభవం ప్రధానంగా తోటలది. భద్రాచలం సమీపంలోని సారపాక కాగితపు కర్మాగారానికి కలప అందించే రైతుల తోటలు ఎఫ్.ఎస్.సి. ధ్రువీకరణ పొందాయి. ఇక్కడ భూమి పట్టా రైతుది. అయితే సమూహ ధ్రువీకరణలో పత్రం సమూహ నిర్వాహకుడి పేరిట ఉంటుంది. రైతు అందులో సభ్యుడు. కర్మాగారమే నిర్వాహక స్థానంలో ఉన్నప్పుడు ముద్ర విలువపై రైతుకు బేరమాడే శక్తి ఎంత అన్నది పరిశోధన జరగవలసిన ప్రశ్న.

అసలు పరీక్ష సహజారణ్యంలో ఎదురవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం తమ సాముదాయక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కును సముదాయాలకు ఇచ్చింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ అడవి నిర్వహణ ప్రణాళికను గ్రామసభ ఏర్పరచిన కమిటీ తయారుచేస్తుంది. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌తో దానిని అనుసంధానించాలి. గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2009లో ఈ హక్కు పొందింది. 2011లో వెదురు రవాణా పర్మిట్లను తానే జారీ చేసే అధికారాన్ని అందుకొని, వెదురును స్వయంగా అమ్ముకుంది. ప్రాణహితకు ఆవలి ఒడ్డున ఉన్న ఆ గోండు జిల్లా అనుభవం తెలంగాణ ఆదివాసీ గ్రామాలకు పరాయిది కాదు.

దీనికి భిన్నంగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాముదాయక హక్కు పత్రాలు అనేకచోట్ల గ్రామసభలకు కాక వన సంరక్షణ సమితుల పేరిట జారీ అయ్యాయి. ఆ సమితులు అటవీశాఖ కార్యక్రమంలో భాగంగా ఏర్పడినవి. చట్టం ఉద్దేశించిన హక్కుదారు గ్రామసభ. పత్రం మీద పేరు మారితే హక్కు స్వభావమే మారిపోతుందని అప్పట్లోనే విమర్శ వచ్చింది. ధ్రువీకరణ విషయంలో ఇదే ప్రమాదం పునరావృతం కావచ్చు. కొత్త పథకం రాష్ట్ర అటవీశాఖలు, రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, కలప పరిశ్రమల వంటివారికి తలుపు తెరుస్తున్నది. సాముదాయక హక్కు తేలని అడవికి అటవీశాఖ పేరిట పత్రం వస్తే, హక్కు క్లెయిము పెట్టుకున్న గ్రామం జావా గ్రామస్థుని స్థానంలో నిలబడుతుంది. దరఖాస్తుదారు గ్రామసభ అయితే పెతేన్ అనుభవానికి దారి దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. భూవివాదాలు తేల్చడం ప్రభుత్వ బాధ్యత, దానిని స్వచ్ఛంద ముద్ర నుంచి ఆశించడం అన్యాయమనీ, షరతులు పెంచితే మంచి యజమానులు కూడా దూరమవుతారనీ, అప్పుడు అడవి మరింత దారుణమైన కోతకు గురవుతుందనీ అనవచ్చు. ఈ వాదంలో నిజముంది. ధ్రువీకరణ హక్కును తేల్చలేదు. అయితే తేల్చలేని విషయాన్ని తేలినట్లు ముద్ర పలకకూడదు. హక్కు క్లెయిములు పెండింగులో ఉన్న అడవిని పరిధి నుంచి మినహాయించడం, లేదా గ్రామసభ తీర్మానాన్ని దరఖాస్తుతో తప్పనిసరిగా జతచేయించడం ఏ పథకానికీ అలవికాని పని కాదు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ధ్రువీకరణ స్వీకరణను విపణి కారణాలతో వివరించే సిద్ధాంతాలు కంపెనీల ప్రవర్తనను చక్కగా చూపాయి. స్వీకరించే అర్హత ఎవరిది అనే ప్రశ్న మాత్రం వాటి పరిధిలో పూర్తిగా ఇమడలేదు.

2. ధ్రువీకరణ పొందిన విస్తీర్ణం సమ్మతికి కొలత కాదు. ఫిన్లాండ్ సమూహ పత్రం, మలేసియాలో వైదొలిగిన సంఘాలు ఇందుకు నిదర్శనాలు.

3. హక్కు తేలనిచోట ఇచ్చిన పత్రం అప్పటి అధికారాన్నే ధ్రువీకరిస్తుందని జావా చెబుతుంది. హక్కు గ్రామం చేతిలో ఉన్నచోట అదే పత్రం గ్రామానికి పనిముట్టవుతుందని పెతేన్ చెబుతుంది.

4. 'అడవి', 'తోట' అనే పదాల మధ్య తెలుగు వాడుక పాటించే భేదాన్ని ప్రమాణాల అనువాదంలో నిలుపుకోవడం కేవలం భాషా విషయం కాదు. ముద్ర దేనికి పడిందో నిజాయితీగా చెప్పడానికి అది అవసరం.

5. భారతదేశంలో సాముదాయక అటవీ హక్కుల గుర్తింపు ముందు, ధ్రువీకరణ తర్వాత అనే క్రమం పాటించాలి. పత్రం మీద సంతకం గ్రామసభది కావాలి.

ధ్రువీకరణ ప్రమాణాలు, గ్రామసభ తీర్మానాలు, ఆడిట్ నివేదికలు పరిపాలనా పత్రాలుగా మాత్రమే మిగిలిపోనక్కరలేదు. అవి అడవి గురించి, మనిషి గురించి నిర్వచనాలు చేసే పాఠాలు. ఈ పథకాల ప్రమాణాలు తెలుగులోకి రావలసి ఉంది. ఆ అనువాదంలో 'సమ్మతి'కి బదులు 'సంప్రదింపు', 'తోట'కు బదులు 'అడవి' చోటుచేసుకుంటే ఏజెన్సీ గ్రామాలలో దాని ఫలితం నేల మీద కనిపిస్తుంది. తెలుగు పరిశోధన ఈ పాఠాలపై దృష్టి సారించవలసిన ఆవశ్యకత అందుకే ఉంది.